తొమ్మిదంగుళాల కత్తి, మూడు తరాల పరీక్ష

మన తెలుగువాళ్ళకీ కత్తికీ ఉన్న అనుబంధం చిత్రమైనది. సినిమా బాగుంటే "కత్తిలా ఉంది" అంటాం. చురుకైన పిల్లవాడు కనిపిస్తే "కత్తిలాంటి కుర్రాడు" అని మెచ్చుకుంటాం. దసరాకి ఆయుధపూజ అంటూ కూరలు తరిగే చాకుకి కూడా కుంకుమ బొట్టు పెడతాం (ఈ మధ్య ఆ బొట్టు లాప్‌టాప్‌కీ, కారు స్టీరింగుకీ మారిందనుకోండి!). కానీ మనలో ఎవరైనా నిజంగా ఒక పెద్ద కత్తి కొన్నామని చెబితే మాత్రం ఎదుటివాళ్ళు ఒకడుగు వెనక్కి వేసి, "ఏమండీ, ఫ్యాక్షన్ సినిమా ఏమైనా తీస్తున్నారా?" అని అడుగుతారు.

గత అక్టోబరులో నేను కొన్నది అలాంటి కత్తే. అడవుల్లో క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు వాడే రకం, మడత పెట్టడానికి వీల్లేనిది, తొమ్మిదంగుళాల బ్లేడు. కొనడానికి కారణం మా అబ్బాయి. వాడికి పన్నెండేళ్ళు. స్కౌట్స్‌లో చేరిన దగ్గర్నుంచి వాడికి లోకమంతా రెండే రకాలుగా కనిపిస్తోంది: కత్తి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. ఎవరో స్నేహితుడి తండ్రి దగ్గర పెద్ద కత్తి చూసినప్పటి నుంచి "అడవిలో దానితో ఏదైనా చెయ్యొచ్చు డాడీ, గొడ్డలి కూడా అక్కర్లేదు" అని ఒకటే పోరు.

పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌తో కాపురం చేస్తున్నవాణ్ణి. "ఏదైనా చేస్తుంది" అన్న మాట ఎవరన్నా సరే, అమ్మేవాడైనా కొనేవాడైనా, పరీక్షించకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. కాబట్టి ఒక టెస్ట్ ప్లాన్ తయారైంది. మా అబ్బాయి, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, ఆ సమయంలో మా ఇంట్లోనే ఉన్న మా బాపు (మా నిజామాబాదు వైపు నాన్నని అలాగే పిలుస్తాం) పరీక్షా బృందం. మా ఆవిడ ఒకే ఒక షరతు పెట్టింది: "ఎమర్జెన్సీ రూమ్ బిల్లు కత్తి ఖరీదుకన్నా ఎక్కువని గుర్తుపెట్టుకోండి." ఆ మాటతో పాటు ఫస్ట్ ఎయిడ్ పెట్టె, పులిహోర కూడా కట్టి ఇచ్చింది.

అసలు ఏమిటీ కత్తి?

కంపెనీ పేరు చెబితే ప్రకటన అనుకుంటారు కనుక వివరాలు మాత్రమే చెబుతాను. బ్లేడు పొడవు 9 అంగుళాలు, వెన్ను మందం అంగుళంలో 16 వంతులు చేస్తే అందులో 3 వంతులు, బరువు ఒక పౌను పైచిలుకు. ఉక్కు పలక పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉంటుంది. మడత చాకుకి బలహీనత దాని కీలు. గట్టిగా ఒత్తితే ముందు లొంగేది అదే. దీనికి కీలే లేదు. మొద్దుపనికి ఇటువంటివే వాడడానికి కారణం అది.

ఉక్కు రకం 1095. ఈ అంకెల వెనక ఒక చిన్న కోడ్ ఉంది, పిల్లలకి సరదాగా ఉంటుంది. మొదటి 10 అంటే మామూలు కార్బన్ ఉక్కు అని. చివరి 95 అంటే అందులో ఇంచుమించు 0.95 శాతం కార్బన్ ఉందని. ఇనుములో కార్బన్ బొత్తిగా తక్కువైతే కత్తి మెత్తబడి పదును నిలవదు, మరీ ఎక్కువైతే గాజులా పెళుసెక్కి విరుగుతుంది. 1095 పదును బాగా పట్టుకుంటుంది, సానరాయి మీద తేలిగ్గా లొంగుతుంది. లోపమల్లా ఒకటే, తడి తగిలితే తుప్పు పడుతుంది. మన కత్తిపీటకి ఉన్న గుణమే.

అమెరికాలో ఇటువంటి పెద్ద కత్తులకి మూలపురుషుడిగా చెప్పుకునే పేరు జిమ్ బౌయీ. 1827లో మిసిసిపీ నది ఇసుక తిన్నె మీద జరిగిన ఒక కొట్లాటలో పెద్ద కత్తితో పోరాడి పేరు మోశాడు, 1836లో టెక్సస్‌లోని అలమో కోటలో చనిపోయాడు. ఆ తర్వాత "బౌయీ నైఫ్" అన్నది దేశమంతటా ఒక మోజైపోయింది. మా అబ్బాయిని పట్టుకున్నది ఆ మోజు తాలూకు రెండు వందల ఏళ్ళ నాటి గాలే అన్నమాట!

ముందు చట్టం, తర్వాత సరదా

ఈ భాగం పెద్దలు తప్పకుండా చదవాలి. వర్జీనియాలో ఒంటి మీద దాచుకుని తిరగకూడని ఆయుధాల గురించి ఒక చట్టం ఉంది. అందులో డర్క్, బౌయీ నైఫ్, మషేటీ అనే పేర్లు స్పష్టంగా కనిపిస్తాయి. పెద్ద కత్తిని చొక్కా కిందో, జాకెట్ లోపలో పెట్టుకుని తిరిగితే చిక్కుల్లో పడతారు. మేము ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, డబ్బాలో వేసి, కారు ట్రంకులో పెట్టి తీసుకెళ్ళాం. అడవి చేరిన తర్వాతే బయటికి తీశాం.

రెండోది స్కూలు. మూడంగుళాలకన్నా చిన్న బ్లేడున్న మడత చాకు తప్ప, ఏ కత్తినీ స్కూలు ఆవరణలోకి తీసుకెళ్ళకూడదని వర్జీనియా చట్టం. స్కూళ్ళ సొంత నిబంధనలు ఇంతకన్నా కఠినంగా ఉంటాయి, ఆ చిన్న చాకుని కూడా ఒప్పుకోవు. పిల్లలు శని, ఆదివారాల్లో క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చి సోమవారం అదే బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కుతారు. కాబట్టి మా ఇంట్లో ఒక నియమం ఉంది: స్కూలు బ్యాగు వేరు, క్యాంపింగ్ బ్యాగు వేరు. రెండిటి రంగులు కూడా వేరు. వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్న కుటుంబాలకి ఇలాంటి విషయంలో "చిన్న కేసు" అన్నది ఉండదని వేరే చెప్పక్కర్లేదు.

మూడోది చోటు. హెర్న్‌డన్‌లో మనకి మంచి చెట్లే ఉన్నాయి. షుగర్‌లాండ్ రన్ వాగు పక్కన నడిస్తే ఊరు మరిచిపోతాం. కానీ ఊరి పార్కుల్లో, కౌంటీ పార్కుల్లో కొమ్మ నరకడానికి లేదు. షెనండోవా నేషనల్ పార్కు అద్భుతమైన చోటే గానీ, అక్కడ నియమాలు ఇంకా గట్టివి. మాకు కుదిరింది జార్జి వాషింగ్టన్ నేషనల్ ఫారెస్ట్. అక్కడ కూడా పచ్చని చెట్టు జోలికి వెళ్ళకూడదు. ఎండి నేల మీద పడిన కట్టెని మాత్రం నెగడు కోసం ఏరుకోవచ్చు. మా పరీక్షలన్నీ అలా పడిన కట్టె మీదే. ఇంకొక మాట: ఏటా ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 30 వరకు వర్జీనియాలో అడవికి 300 అడుగుల లోపల సాయంత్రం 4 గంటలకి ముందు ఆరుబయట మంట వెయ్యకూడదు. మేము వెళ్ళింది అక్టోబరు కనుక ఆ ఇబ్బంది లేదు.

ఎలిజబెత్ ఫర్నెస్

హెర్న్‌డన్ నుంచి 28 మీదుగా వచ్చి, 66 పట్టుకుని పడమటికి వెళితే, ఫ్రంట్ రాయల్ దాటాక మసానటన్ కొండల మధ్య ఫోర్ట్ వ్యాలీ రోడ్డు వస్తుంది. గంటా పావు ప్రయాణం. పక్కనే పాసేజ్ క్రీక్ అనే వాగు. అక్కడ ఎలిజబెత్ ఫర్నెస్ అనే విడిది చోటు ఉంది. పేరుకి తగ్గట్టు అది ఒకప్పటి ఇనప కొలిమే. 1836లో కట్టారు. చుట్టుపక్కల ఖనిజం తవ్వి, చెట్లు కొట్టి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో ఇనుము కరిగించేవారు. ఆ ఇనప దిమ్మల్ని కొండ దాటించి అటువైపు షెనండోవా నది దగ్గరికి చేర్చేవారు. రాతి కట్టడం తాలూకు శిథిలం ఇప్పటికీ చూడొచ్చు. పక్కనే రెండు చిన్న కాలిబాటలు, ఒకటి బొగ్గు కథ చెబుతుంది, ఇంకొకటి ఇనుము కథ చెబుతుంది. కత్తిని పరీక్షించడానికి ఇంతకన్నా తగిన చోటు ఉంటుందా!

బాపుకి 74 ఏళ్ళు. మంకీ క్యాప్, స్వెట్టరు, మెడకి మఫ్లరు. అప్పటికి అమెరికా వచ్చి మూడు నెలలైంది. మన పెద్దవాళ్ళ సంగతి మీకు తెలిసిందే: పొద్దున్నే మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి, కారు నడపడం రాదు, నడిచి వెళ్ళడానికి పక్కన ఊరంటూ కనపడదు. టీవీ సీరియల్, కిటికీ, మళ్ళీ టీవీ సీరియల్. "జైలు మంచిగనే ఉన్నది, ఏసీ ఉన్నది" అని నవ్వుతూ అంటారు గానీ, ఆ నవ్వులో ఏముందో మనకి తెలుసు. ఆ రోజు కారు దిగి ఆకుల మీద నడుస్తుంటే ఆయన నడకే మారిపోయింది.

కత్తి చేతికిచ్చాను. ముందు బరువు చూశారు. పిడి దగ్గర ఒక వేలు మీద నిలబెట్టి ఎటు వాలుతుందో చూశారు. తర్వాత వాదర మీద బొటనవేలు అడ్డంగా (నిలువుగా కాదు, పిల్లలూ!) మెల్లగా ఆనించి చూశారు. చివరికి వెన్ను మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. అప్పుడు అన్నారు: "ఉక్కు మంచిదే. గని గింత మందం ఎందుకు పెట్టిండ్రు? గిది కత్తా, గడ్డపారనా?"

మార్కెట్లో ఉన్న పెద్ద కత్తుల మీద నేను చదివిన సమీక్షలన్నిటి సారం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

పరీక్షలు, ఫలితాలు

మా అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది. పోటీకి మరో రెండు పనిముట్లు పెట్టాం: నాలుగంగుళాల చిన్న కత్తి, మడత రంపం.

మొదటి పరీక్ష: నిప్పు రాజేయడానికి పొట్టు తీయడం. ఎండు పుల్లని నిలబెట్టి, పైనుంచి కిందికి పల్చగా చిత్రిక పట్టినట్టు చెక్కుతూ, ఆ పొట్టు పుల్లకే అంటిపెట్టుకుని ఉంగరాల జుట్టులా నిలిచేలా చెయ్యాలి. తడి వాతావరణంలో నిప్పు అంటుకోవడానికి ఇది పెద్ద సాయం. పెద్ద కత్తి ఇక్కడ తేలిపోయింది. ముందుభాగం బరువుకి చెయ్యి వణికి, పొట్టు తెగి రాలిపోయింది. చిన్న కత్తితో మా అబ్బాయి రెండో ప్రయత్నంలోనే చక్కగా చేశాడు. గెలుపు చిన్న కత్తిది.

రెండో పరీక్ష: మూడంగుళాల మందమున్న ఎండు ఓక్ కొమ్మని రెండు ముక్కలు చెయ్యడం. రంపానికి 55 సెకన్లు పట్టింది. పెద్ద కత్తితో నాకు 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది, అదనంగా అరచేతిలో ఒక బొబ్బ. అప్పుడు బాపు లేచి, స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, "ఇటియ్యి" అన్నారు. కొమ్మని ఒక దుంగ మీద ఆనించారు. కాళ్ళు ఎడంగా పెట్టారు. నేను నిలువుగా కొట్టిన చోట ఆయన ఏటవాలుగా కుడినుంచి ఒకటి, ఎడమనుంచి ఒకటి వేశారు. ప్రతి రెండో దెబ్బకి ఒక ముక్క ఎగిరి పడింది. 2 నిమిషాల 20 సెకన్లు! మా అబ్బాయి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. "తాతా, నువ్వు గట్టిగా కూడా కొట్టలేదు కదా?" అన్నాడు. "నీ బలం కాదు బిడ్డా, దాని బరువును పని చెయ్యనియ్యి" అన్నారు బాపు.

ఇందులో ఉన్న సైన్సు ఇది. కట్టెలో నార నిలువునా ఉంటుంది. అడ్డంగా కొడితే ప్రతి పోగునీ తెంపాలి. ఏటవాలుగా కొడితే కొన్ని తెగుతాయి, కొన్ని విడిపోతాయి. ఫిజిక్స్ పుస్తకం చదవకుండానే మన ఊళ్ళలో అందరికీ తెలిసిన విషయం. అయినా ఈ పరీక్షలో గెలిచింది రంపమే.

మూడో పరీక్ష: మణికట్టంత లావు కట్టెల్ని నిలువునా చీల్చడం. కత్తిని కట్టె తల మీద పెట్టి, వెన్ను మీద దుడ్డుకర్రతో కొడతారు. ఇక్కడ మందమే వరమైంది. బ్లేడు మేకులా దిగుతూ కట్టెని రెండుగా విడగొట్టింది. బయట తడిసిన కట్టెకి కూడా లోపల పొడి చెక్క ఉంటుంది, దాన్ని బయటికి తీయడానికి ఇదే దారి. రంపం ఈ పని చేయలేదు, చిన్న కత్తి పొడవు చాలలేదు. గెలుపు పెద్ద కత్తిది. షరతు ఒకటి: ముడులున్న కట్టె పనికిరాదు, కట్టె లావు కన్నా బ్లేడు పొడవుగా ఉండాలి.

నాలుగో పరీక్ష: డేరా మేకులు చెయ్యడం. మొన చెక్కడానికి పెద్ద కత్తి బాగానే పనిచేసింది, తాడు నిలిచే గాడి కొయ్యడానికి చిన్న కత్తే కావలసి వచ్చింది. ఇద్దరికీ సమానం.

ఐదో పరీక్ష మర్నాడు మా పెరట్లో. పక్కింటి నుంచి కంచె కింద దూరి వచ్చిన వెదురు. అక్కడ మాత్రం పెద్ద కత్తి తన ప్రతాపం చూపించింది. ఏటవాలుగా ఒక్క వేటు, ఒక్క గడ. అరగంటలో పెరడు శుభ్రం. "గిప్పుడు దీనికి తగ్గ పని దొరికింది" అన్నారు బాపు. మన ఊళ్ళలో మచ్చుకత్తి చేసే పని ఇదే. కంచె కొట్టడానికి, కొమ్మలు నరకడానికి, వెదురు చీల్చడానికి పుట్టిన పనిముట్టుకి అమెరికా వాళ్ళు వేరే బట్టలు తొడిగారు, అంతే.

లెక్క తేలింది ఇలా: అయిదింట్లో రెండు పెద్ద కత్తివి, ఒకటి రంపానిది, ఒకటి చిన్న కత్తిది, ఒకటి సమానం. స్కౌట్స్ వాళ్ళ భద్రతా నియమాల్లో పెద్ద ఒర కత్తులు బరువు, మోయడం కష్టం, క్యాంపు పనులకి చాలావరకు అనవసరం అన్న ధోరణిలో ఒక సలహా ఉంది. నలభై కట్టెలు చెక్కిన తర్వాత మా అబ్బాయి కూడా అదే మాటకి వచ్చాడు. "డాడీ, ఒక్కటే తీసుకెళ్ళాలంటే నేను చిన్నది తీసుకెళ్తా. దానితో రంపం కూడా."

ఉక్కు వెనక మన ఊరు

మధ్యాహ్నం పులిహోర తిన్నాక కొలిమి శిథిలం దగ్గర కూర్చున్నాం. పిల్లలు ఆ రాళ్ళు చూస్తుంటే నాకు కోనసముద్రం గుర్తొచ్చింది. మా జిల్లాలోనే, కమ్మర్‌పల్లి మండలంలో ఉన్న ఊరు. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూత వేసి, గంటల తరబడి తిత్తులు ఊది చేసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళేది. హెన్రీ వాయ్‌సీ అనే ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఆ ఊరు వెళ్ళి ఆ పద్ధతిని రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోవడం కూడా ఆయన రాశాడు. అతని వ్యాసం 1832లో అచ్చయింది. ఇంగ్లీషులో "వూట్జ్" అని పిలిచేది ఈ రకం ఉక్కునే. ఆ పేరు మన "ఉక్కు" అన్న మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ వాటి వెనక ఉన్నదీ ఇదే. లండన్‌లో మైఖేల్ ఫారడే, అవును, కరెంటు ఫారడేనే, 1819 ప్రాంతంలో ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. ఆయన కూడా కమ్మరి కొడుకే.

పిల్లలకి ఒక చిన్న లెక్క చెప్పాను. మన ముందున్న ఎలిజబెత్ కొలిమిలో తయారైన దిమ్మ ఇనుములో కార్బన్ దాదాపు 4 శాతం, అందుకే పెళుసు, దాంతో నేరుగా కత్తి చెయ్యలేరు. కోనసముద్రం రకం ఉక్కులో సుమారు 1.5 శాతం. మన చేతిలో ఉన్న కత్తిలో 0.95 శాతం. మూడూ ఇనుమే, తేడా అంతా చిటికెడు బొగ్గులో ఉంది.

2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో సర్వే చేశాయి. ఊరి పక్కన కుప్పలుగా పడి ఉన్న ఇనప చిట్టెం, పగిలిన మూసల ముక్కలు వాళ్ళకి వందల ఏళ్ళ కథ చెప్పాయి. బాపుకి ఈ సర్వేల సంగతి తెలియదు. కానీ చిట్టెం అనగానే "మా చిన్నప్పుడు చేన్ల దున్నుతుంటె నల్లటి చిట్టెపు రాళ్ళు నాగలికి తగిలేటియి" అన్నారు. చరిత్ర పుస్తకం ఆయన అరికాళ్ళ కిందే ఉండేదన్నమాట.

బాపు ప్రశ్న

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. వాగు చప్పుడు ఒక్కటే. అప్పుడు బాపు మెల్లగా అన్నారు: "మిమ్ములను గీ పనులకెల్లి తప్పియ్యాలనే సదివిచ్చిన. నువ్వేమో పైసలు పెట్టి కట్టెలు కొడుతున్నవ్."

నిష్ఠూరంగా అన్నది కాదు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాటలో నిజం ఉంది. మనలో చాలామంది తల్లిదండ్రులు చేతులకి కాయలు కాచేలా పనిచేసి, మన చేతులు మెత్తగా ఉండాలని కోరుకున్నవాళ్ళే. "చదువుకోకపోతే గొడ్లు కాస్తావు" అన్న బెదిరింపు విననివాళ్ళం మనలో ఎంతమంది? ఆ భయంతోనే చదివాం, ఇక్కడిదాకా వచ్చాం. ఆ క్రమంలో చేతిపని అంటే చిన్నతనం అన్న భావం కూడా సామానుతో పాటే వచ్చింది.

మా ఊరి కమ్మరి సంగతి అడిగాను. నా చిన్నప్పుడు ఆయన కొలిమి దగ్గర తిత్తి లాగడానికి పిల్లలం పోటీ పడేవాళ్ళం. నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి అన్నీ ఆయన చేతి మీదే. పంట చేతికి రాగానే ఆయనకి ధాన్యం కొలిచేవారు. "కొలిమి బందై ఇరవై ఏండ్లాయె" అన్నారు బాపు. "కొడుకు దుబాయి పోయిండు. ఆడ వెల్డింగ్ పని. మనుమడు హైదరాబాద్‌ల కంప్యూటర్ సదువుతున్నడు." కమ్మరి మనుమడూ, రైతు కొడుకూ చివరికి చేరింది ఒకే కీబోర్డు దగ్గరికి. అది మంచి మార్పే, ఎవరూ వద్దనలేరు. అయితే ఇనుము ఎర్రబడిన రంగు చూసి ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు నీళ్ళలో ముంచాలో చెప్పగల కన్ను ఆ ఇంట్లో అతనితోనే ఆగిపోయింది.

బాపుకి నేను ఇచ్చిన జవాబు ఇదీ: "వాడు కట్టెలు కొట్టి బతకాలని కాదు బాపూ. ఆ పని చేసి బతికినవాళ్ళకి ఎంత తెలుసో వాడికి తెలియాలని." ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, మనవడి వెనక నిలబడి, వాడి మణికట్టు పట్టుకుని చిన్న కత్తి కోణం సరిచేశారు. మూడు నెలల్లో ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. వాడి తెలుగు అంతంతమాత్రం, ఆయన ఇంగ్లీషు సున్నా. అయినా ఆ సాయంత్రానికి వాడికి ఒర, వాదర, చిట్టెం, దుడ్డుకర్ర అనే నాలుగు కొత్త తెలుగు మాటలు వచ్చాయి. ఆదివారం తెలుగు బడిలో ఏడాదికి నేర్చుకున్నవాటికన్నా ఇవే గట్టిగా గుర్తున్నాయి.

మీరూ చెయ్యాలనుకుంటే

పెద్ద కత్తితో మొదలుపెట్టొద్దు. పదేళ్ళు దాటిన పిల్లలకి నాలుగంగుళాల లోపు కత్తి, మడత రంపం చాలు. స్కౌట్స్‌లో టోటిన్ చిప్ అనే కార్డు ఉంది. కత్తి, రంపం, గొడ్డలి భద్రంగా వాడడం చూపించిన పిల్లలకే ఇస్తారు. నియమం తప్పితే కార్డు మూల ఒకటి కత్తిరించే ఆనవాయితీ చాలా ట్రూపుల్లో ఉంది, నాలుగు మూలలూ పోతే హక్కు పోయినట్టే. 2019 నుంచి అమ్మాయిలకి కూడా ఈ దారి తెరుచుకుంది.

కట్టె ఇంటికి తేవద్దు, ఇంటినుంచి తీసుకెళ్ళొద్దు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 2003లో మొదటిసారి కనిపించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చపురుగు మన చుట్టూ ఉన్న యాష్ చెట్లని తినేసింది. ఇటువంటి పురుగులు వంటచెరకుతో పాటే ఊళ్ళు దాటుతాయి. అలాగే నిలువునా ఎండిన యాష్ చెట్టు కింద డేరా వెయ్యొద్దు, కొమ్మలు హఠాత్తుగా విరిగి పడతాయి.

కత్తి వాడాక తుడిచి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టండి. తోలు ఒరలో నెలల తరబడి వదిలెయ్యొద్దు, తోలు తేమ పట్టి తుప్పు తెస్తుంది. పదును తగ్గిన కత్తి ఎక్కువ ప్రమాదం. బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, జారితే అదుపు ఉండదు.

పిల్లలూ, మీకు మా తాతగారి అయిదు సూత్రాలు

1. కత్తి తీసేముందు చెయ్యి చాచి ఒక చుట్టు తిరగండి. ఆ చుట్టులోకి ఎవరూ రాకూడదు. వస్తే కత్తి ఒరలోకి వెళ్ళిపోవాలి.

2. కత్తి వెళ్ళే దారిలో మీ చెయ్యి, మీ తొడ ఉండకూడదు. ఎప్పుడూ మీనుంచి అవతలికే కొయ్యండి.

3. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు పిడి వాళ్ళవైపు. వాళ్ళు "థాంక్యూ" అన్నాకే మీరు వదలాలి.

4. పడుతున్న కత్తిని పట్టుకోబోవద్దు. కాళ్ళు వెనక్కి తీయండి, పడనివ్వండి.

5. అలిసిపోయారా? ఆపేయండి. చాలా గాయాలు "ఇంకొక్కటి" అన్నప్పుడే అవుతాయి.

చివరగా పెద్దలకి ఒక విన్నపం. మీ ఇంట్లో ఇప్పుడు ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లో, తండ్రో, అత్తగారో, మామగారో ఉండి ఉండొచ్చు. నయాగరా, న్యూయార్కు చూపించే ఉంటారు. మంచిదే. తిరుగు టికెట్ తేదీ రాకముందు ఒక్క శనివారం వాళ్ళని గంటా పావు దూరంలో ఉన్న అడవికి తీసుకెళ్ళండి. ఒక రంపం, ఒక చిన్న కత్తి, ఒక అగ్గిపెట్టె వాళ్ళ చేతికివ్వండి. పొయ్యి ఎలా రాజేయాలో మీ పిల్లలకి వాళ్ళని చెప్పనివ్వండి, మీరు కాసేపు దూరంగా కూర్చుని పులిహోర తినండి.